ముల్లు తీసిన ముద్ద

మొన్న వేసవిలో నా కుడిచెయ్యి, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంది. పక్షవాతమంటే పెద్దమాట. డాక్టరు గారు ‘చిన్నదేనండి’ అన్నారు, ఎదుటివాడికి వచ్చినవన్నీ చిన్నవే కాబట్టి నేనూ కాదనలేదు. ఇప్పుడు కొవ్వూరు నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద వంతెన దాటి మా ఫ్లాటుకి వచ్చి, నాకు అన్నం తినడం నేర్పుతోంది. పిడికి మెత్తటి స్పాంజి తొడిగిన చెంచా చేతికిచ్చి, నేను నాలుగు మెతుకులు నోటిదాకా తీసుకెళ్ళగానే చప్పట్లు కొట్టి, ‘సూపర్ అంకుల్, ఇండిపెండెంట్‌గా తినేస్తున్నారు’ అంటుంది. ఆ అమ్మాయి పుట్టకముందే ఇలాంటి చెంచాలకి సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుంటూ బతికినవాణ్ణని నేను చెప్పలేదు. చెబితే గౌరవంకొద్దీ ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొడుతుందేమోనని భయం.

నా చదువు పేరు ఆక్యుపేషనల్ థెరపీ. మన తరంవాళ్ళకి ఆ పేరు చెబితే మర్యాదగా తల ఊపి, కాఫీ తాగుతారా అని అడిగేవాళ్ళు. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం అని ఎవరో చెప్పడంతో, మా ఊళ్ళో కొన్నాళ్ళు నన్ను ఉద్యోగాలిప్పించే డాక్టరనుకుని, డిగ్రీ తప్పిన కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చిన బంధువులు కూడా ఉన్నారు. అది కాదని, పుట్టుకతోనో జబ్బుతోనో ఒంట్లో పట్టు తప్పిన పిల్లలకి బొత్తాం పెట్టుకోవడం, గ్లాసు పట్టుకోవడం, అన్నం తినడం నేర్పడం నా పని అని చెబితే, మా పెదనాన్న వరిచేను గట్టు మీద చాలాసేపు ఆలోచించి, ‘దానికి కాలేజీ ఎందుకురా, మీ అమ్మ నీకు నేర్పలేదా?’ అన్నాడు. ఆ ప్రశ్నకి సమాధానం నేనింకా వెతుకుతూనే ఉన్నాను.

మా సెంటరు రాజమండ్రిలో, రిటైరైన ఒక సంస్కృతం మాస్టారి ఇంట్లో వీధివైపు వాటా. సెంటరు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రెండు చాపలు, ఒక నిలువుటద్దం, వడ్రంగి చేత చేయించిన కుర్చీలు, కడియం నర్సరీల్లో మొక్కలు పెట్టుకునే నల్ల ట్రేలు, వాటి నిండా బియ్యం, చింతగింజలు. వచ్చినవాళ్ళలో కొందరు ఇదేదో కిరాణా కొట్టనుకుని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళనివాళ్ళు కూర్చుని, బిడ్డ తల సర్ది, అందరూ ఒకటే అడిగేవాళ్ళు: ఎప్పటికి మామూలవుతుందండి? దానికి జవాబు కాలేజీలో చెప్పలేదు, తరవాత నా సర్వీసూ చెప్పలేదు. ‘చూద్దామండి’ అనేవాణ్ణి. నా జీవితంలో నేను ఎక్కువగా వాడిన వైద్యం ఆ మాటే.

అలా అడగకుండా వచ్చింది ఒక్క తల్లి. మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. భర్త బోటు మీద వేటకెళితే ఎన్నాళ్ళకొస్తాడో సముద్రానికే తెలియాలి. ఆమె తెల్లారకముందే రేవుకెళ్ళి, చేపలు తట్టకెత్తుకుని, నరసాపురం బజారులో అమ్మి, ఎండ దిగాక ఇల్లు చేరేది. దగ్గర్లో మా పని చేసేవాళ్ళు ఎవరూ లేకపోవడంతో, వారానికోరోజు బజారు మానుకుని, ఎనిమిదేళ్ళ కూతుర్ని చంకనేసుకుని, బస్సులు మారి మా దగ్గరికొచ్చేది. వెంట అత్తగారు. ఆ పాప పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైందట. అందుకు శిక్షగా అన్నట్టు కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉండేవి, మాట లేదు. మనసులోది అంతా కళ్ళతోనూ, నవ్వుతోనూ, అప్పుడప్పుడూ నా చొక్కా గట్టిగా పట్టుకుని లాగడంతోనూ చెప్పేది.

ఆ తల్లి మొదటిరోజే తన కోరిక చెప్పేసింది. ‘నడక వద్దండి, మాటలూ వద్దండి. నేను బజారు నుంచొచ్చేదాకా దాని అన్నం అది తింటే చాలండి. మా అత్త ఉన్నన్నాళ్ళు పర్లేదు, తినిపిస్తది. ఆవిడ పోయాక, నేనొచ్చేదాకా దానికి ఆకలేనండి.’

పక్కనే చాప మీద కూర్చున్న అత్తగారు, తన చావు గురించి కోడలు అలా విడమరిచి చెబుతుంటే ఏమాత్రం నొచ్చుకోలేదు. ‘పోతాన్లేవే, నీదంతా తొందరే. బస్సు టైమనుకున్నావా?’ అని, పాప చొంగ కొంగుతో తుడిచింది.

అలా మొదలైంది. కంచం జారకుండా కింద ట్యూబు ముక్క, మెతుకులు బయటికి పోకుండా కంచానికి ఎత్తు అంచు, చెంచాకి లావుపాటి పిడి. ఉప్మాతో మొదలుపెట్టి పెరుగన్నం దాకా వచ్చాం. ఎన్నో నెలలు పట్టింది, ఎంత ఉప్మా గోడలకి తినిపించామో చెప్పలేను. తీరా పాప చెంచా నోటిదాకా తీసుకెళ్ళాక, నాయనమ్మ ఒప్పుకోలేదు. మేము చెంచాతో తినమండి, చేత్తో తింటాం అంది. సరే, చెయ్యి. చెయ్యి వచ్చాక, పెరుగన్నం తింటే తిన్నట్టా బాబూ, చేపల కూర తిననీ చూద్దాం అంది. వాళ్ళ ఇళ్ళల్లో లెక్క అదే. పిల్లలకి పళ్ళొస్తే పెద్దవాళ్ళైనట్టు కాదు, చేపలో ముల్లు తీసుకోవడం వస్తే పెద్దవాళ్ళైనట్టు. అప్పటిదాకా ఎవరో ఒకరు ముల్లు తీసి ముద్ద పెట్టాల్సిందే. పైగా ముల్లు తక్కువుండే చందువాలు అవీ బజారుకెళ్ళిపోతాయి, ఇంట్లోకి మిగిలేవి ఒళ్ళంతా ముళ్ళున్న రకాలు. చేపలు పట్టేవాళ్ళకి చేపలో మిగిలేది ఎక్కువగా ముల్లేనని నాకప్పుడే తెలిసింది.

అందుకని ట్రేలో బియ్యం పోసి, ముందు చింతగింజలు దాచి వెతికించాం, తరవాత పెసలు, ఆ తరవాత అన్నంలో చీపురుపుల్ల ముక్కలు. బిగుసుకుపోయే ఆ వేళ్ళు ఒక్కొక్క మెతుకునీ నొక్కి చూసుకుంటూ, పుల్ల తగిలినచోట ఆగి, దాన్ని కంచం అంచుకి తోసెయ్యాలి. నాయనమ్మ గోడకి ఆనుకుని ఇదంతా చూసి, ‘ఏం బాబూ, మీ ఇంట్లో చీపురుపుల్లలే కూరొండుకుంటారా?’ అంది. ఆ దెబ్బకి వచ్చే వారం నుంచి ఇంటి నుంచే చేపల కూర తెమ్మన్నాం. వంటింటి వైపు నుంచి మాస్టారి భార్య గారు నోరు తెరిచి ఒక్కమాట అనలేదు, కాకపోతే ఆ రోజుల్లో గుత్తులు గుత్తులుగా అగరొత్తులు వెలిగించేవారు. మా సెంటరు ఏకకాలంలో గుడిలోనూ రేవులోనూ ఉన్నట్టుండేది.

చివరికి ఒకరోజు పాప కూరన్నం తనే కలుపుకుని, ముల్లు తీసి పక్కనపెట్టి, ముద్ద మింగింది. నాయనమ్మ నమ్మలేక పాప నోట్లో వేలుపెట్టి బుగ్గలు తడిమి చూసింది. ఏమీ దొరకలేదు. ‘పర్లేదు’ అంది, అని వీధివైపు తిరిగి కూర్చుంది. తల్లి ఏడ్చింది. నేను చాలా గంభీరంగా అగరొత్తి పొగ కళ్ళల్లో పడిందని చెప్పుకున్నాను.

మరుసటి వారం తల్లి వచ్చి, ఇంటి దగ్గర తినడం లేదండి అంది. ఆ తరవాతి వారమూ అదే మాట. మా దగ్గర శుభ్రంగా తినే పిల్ల ఇంటికెళ్ళగానే చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుని నోరు తెరుస్తోందట. ఇలాంటివి మాకు కొత్తకాదు. సెంటర్లో వచ్చింది ఇంట్లో రాకపోవడానికి పీట ఎత్తు దగ్గర్నుంచి గాలి దిశ దాకా కారణాలు చెప్పగలిగే చదువు చదివాను. అవన్నీ సంచిలో వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

తాటాకు పాక, మూలలో గోడకి ఆనించి పాప, నడుం వెనక ఆసరాకి చుట్టచుట్టిన పాత వల. పీట ఎత్తు నేను చెప్పినట్టే ఉంది, కంచం కింద ట్యూబు ముక్కా ఉంది. తప్పుపట్టడానికి నాకేమీ మిగల్చలేదు వాళ్ళు. ఎదురుగా నాయనమ్మ కూర్చుని, ముల్లు తీసి పాపకో ముద్ద, అదే కంచంలోంచి తనకో ముద్ద. ఆవిడకని వేరే కంచం కనబడలేదు.

తల్లి నన్ను బయటికి పిలిచి, వలలు ఆరేసిన చోట నిలబడి చెప్పింది. మావగారు వేటకెళ్ళి తిరిగి రాలేదట, చాలా ఏళ్ళ కిందటి మాట. మగమనిషి తిరిగొచ్చి తిన్నాకే తినడం ఆవిడకి కాపరానికొచ్చిన నాటి నుంచీ అలవాటు. ఆయన రాలేదు కాబట్టి, ఆవిడ లెక్కలో ఆవిడ వంతు ఇంకా రాలేదు. తనకోసమని కంచం ముందు కూర్చోదు, ఎంత బతిమాలినా. పాప పుట్టాకే, దానికి పెడుతూ తనూ ఆ పక్క ముద్ద తినడం పట్టుబడింది. ‘మీ దగ్గర చేప తిన్నది చూడండి, ఆ మర్నాడు ఇక్కడా దానంతటదే తినేసిందండి. మా అత్త ఎంత మురిసిపోయిందో! దిష్టి కూడా తీసింది. తీసి, కాళ్ళు కడుక్కుని, తినకుండానే పడుకుంది. అది చూస్తానే ఉందండి, పిల్లముండ. మర్నాటి నుంచి చెయ్యి ఎత్తితే ఒట్టు.’

ఆవిడకో వేరే కంచం పెట్టిస్తే సరిపోతుందేమోనని, చదువుకున్నవాణ్ణి కదా, అదీ అడిగి చూశాను. ‘ఒక్కదాన్నీ కూర్చుని తినడానికి ఇదేమన్నా హోటలా బాబూ?’ అంది నాయనమ్మ. పాప నా చొక్కా పట్టుకుని నవ్వింది. ఇక నేను ఎవరికి ఏం నేర్పాలో తోచక, వాళ్ళు పెట్టిన చేపల కూర తిని, గొంతులో ముల్లు గుచ్చుకుని, ఒట్టి అన్నం ముద్దలు మింగుతూ బస్సెక్కాను.

తల్లి బెంగ మాత్రం తీరలేదు. వచ్చినపుడల్లా అదే అడిగేది: వచ్చు కదండీ దానికి, అవసరమైతే తింటది కదండీ? చూద్దామమ్మా అనేవాణ్ణి.

ముసురు పట్టిన ఒక శ్రావణంలో జ్వరమొచ్చి నాయనమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక తల్లి బజారుకి వెళ్ళక తప్పలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా తనలాగే తట్టలెత్తుకుని వెళ్ళేవాళ్ళే. కూరన్నం కంచంలో పెట్టి, పాపని వల ఆసరాగా కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆ రోజు చేపలు ఏ ధరకి అమ్మిందో తనకే తెలియదట.

ఆ సంగతి చెప్పడానికి మా దగ్గరికి వచ్చింది, ఈసారి తల్లీ కూతురూ ఇద్దరే. చాప మీద అత్తగారు కూర్చునే చోట సంచి పెట్టి, దాని పక్కన కూర్చుంది. ‘సగం తిన్నాదండి. తన వైపు సగం. అవతల వైపు సగం అలాగే ఉంచిందండి, ముట్టకుండా కాదు, బాగా పిసికి, కంచం ఆ అంచుకి తోసి. ముళ్ళన్నీ తీసి పీట మీద పెట్టింది. నేను తలుపు తీసేసరికి ఆ సగం వైపే చూస్తా కూర్చుందండి.’ పాప చొంగ కొంగుతో తుడిచి, ‘ఇది తిన్నట్టా అండి, తిననట్టా?’ అంది.

తిన్నట్టేనమ్మా అన్నాను. మా శాస్త్రం ప్రకారం అంతే.

ఆ మిగిలిన సగం సంగతి నేను అడక్కుండానే తనే చెప్పింది. ‘కాకులకి పెడదామనుకున్నానండి. అది నా కొంగు వదల్లేదు. నన్నక్కడ కూర్చోబెట్టి, తినేదాకా చూసింది. ఒక్క ముల్లు తగల్లేదండి డాక్టరు గారూ, వెతికినా లేదు.’

ఆ తరవాత వాళ్ళు రావడం తగ్గి, ఆగిపోయింది. పని అయ్యాక రావడం మానేసేవాళ్ళనే మేము మంచి కేసులనేవాళ్ళం. ఆ ఒడ్డు వైపు తుఫానులు వచ్చాయి, ఊళ్ళు కదిలాయి, మాస్టారి ఇల్లు పోయి అక్కడ అపార్టుమెంటు లేచింది. ఆ పాప ఇప్పుడుంటే చాలా పెద్దదైపోయి ఉండాలి. ఉందో లేదో, ఎవరి ఎదురుగా కూర్చుని తింటోందో నాకు తెలియదు. కనుక్కోవచ్చు కదా అంటారు మీరు. కొన్నిటికి ‘చూద్దాం’ అన్న మందే మంచిదని నా అనుభవం.

ఇప్పుడు రాజమండ్రిలోనే అలాంటి సెంటర్లు వీధికొకటి కనబడుతున్నాయి. రంగురంగుల బంతులు, అద్దాల గదులు, ఏసీలు. మంచిదే, మేము కలలో కూడా అడగనివి అవి. చేపలు కూడా ముల్లు తీసేసి ప్యాకెట్లో ఇంటికొస్తున్నాయి. మా అమ్మాయి బ్యాంకు నుంచి ఎప్పుడొస్తే అప్పుడు నిలబడే తింటుంది, మనవడు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో చెంచా. అల్లుడి కంచం మూతపెట్టి ఉంటుంది. ఎవరి కంచం వాళ్ళది, ఎవరి ముద్ద వాళ్ళది, ఎవరికీ ఎవరూ పెట్టనక్కర్లేదు. ఆ రోజుల్లో మేము ఒక్కొక్క పిల్లకీ ఏళ్ళ తరబడి కష్టపడి నేర్పింది, ఇప్పుడు ఊరంతా ఏ థెరపీ లేకుండానే నేర్చుకుంది.

నిన్న కొవ్వూరు అమ్మాయి ఎదురుగా, చెంచా పక్కనపెట్టి, మొదటిసారి నా కుడిచేత్తోనే అన్నం కలుపుకుని, చివరి మెతుకు దాకా తిన్నాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి, ఫోటో తీసి, ‘చూశారా అంకుల్, కంచం మొత్తం ఖాళీ’ అంది. చూశాను. నిజమే, అవతలి వైపు కూడా ఏమీ మిగల్లేదు.