ఎవర్నన్నానో వాళ్ళకు తెలుసు

ఆసుపత్రి కింది అంతస్తులో బట్టలుతికే విభాగానికి ఆవిడే పెద్ద. ఎదురుగా అందరూ అక్కా అంటారు, చాటున గోడక్క అంటారు. ఊరికే అనరు మరి. ఎవరైనా తప్పు చేస్తే ఆవిడ ఆ మనిషి మొహం చూసి ఒక్క ముక్క అనదు. గోడవైపు తిరిగి, "కొందరికి బొత్తిగా శ్రద్ధ లేకుండా పోయింది. ఎవర్నన్నానో వాళ్ళకు తెలుసు" అంటుంది. అక్కడితో సరి. అనాల్సింది అనేశానన్న తృప్తితో వెళ్ళి టీ తాగుతుంది.

దాన్ని ఆవిడ మంచితనం అనుకునేది, అదీ విడ్డూరం. మొహంమీదే అనేస్తే మనిషి చిన్నబుచ్చుకోడూ? గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగే భుజాలు తడుముకుంటాడు కదా, ఇక పేరుపెట్టి అనడమెందుకు? ఈ ఒక్క సామెతను నమ్ముకుని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. నిజం చెప్పాలంటే అది మంచితనమూ కాదు, మన్నూ కాదు. ఎదురుగా నిలబడి మాట చెప్పాలంటే ఆవిడకు భయం, దానికి మొహమాటమని పేరు పెట్టుకుంది.

ఒకరోజు ఆపరేషన్ గదికి పంపిన దుప్పట్లు చెమ్మగా ఉన్నాయని పైనుంచి ఫోను వచ్చింది. తప్పెవరిదో ఆవిడకు తెలుసు. బట్టలారబెట్టే యంత్రం దగ్గర పనిచేసే పొడుగు తమ్ముడు, అది ఆగకముందే తలుపు తీసి బట్టలు లాగేస్తాడు. పక్కకు పిలిచి చెబితే నిమిషం పని. పిలవలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలు చేస్తుండగా గోడవైపు తిరిగింది.

"ఒంట్లో ఓపిక లేనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు. ఇక్కడికొచ్చి నలుగురికీ మాట తేవడమెందుకు? ఎవర్నన్నానో వాళ్ళకు తెలుసు."

పొడుగు తమ్ముడు, దున్నపోతు మీద వాన కురిసినట్టు, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. బట్టలు మడతపెట్టే వదిన మాత్రం తింటున్న డబ్బాకు మూత పెట్టేసింది. ఆవిడ అక్కడ అందరికీ వదినే. నోట్లో నాలుక లేని మనిషి. జబ్బుపడి లేచి, ఈమధ్యే మళ్ళీ పనిలోకి వచ్చింది.

మర్నాడు వదిన రాలేదు. ఇక రానని కబురు పంపింది. ఓపిక లేనివాళ్ళు ఇంట్లో కూర్చోవాలన్న మాట నిజమేనని కూడా చెప్పమందట. ఆ ఇల్లు గడిచేదే వదిన జీతంతో. గోడక్కకు తల తీసేసినట్టయింది.

సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళింది. కూతురు తలుపు తీసి కుర్చీ వేసింది. వదిన ఎదురుగా మంచంమీద కూర్చుంది. గోడక్క కూతురివైపు చూస్తూ మొదలుపెట్టింది.

"నేనన్నది మీ అమ్మని కాదని చెప్పమ్మా."

ఆ పిల్ల తెల్లబోయింది. "అమ్మ ఇక్కడే ఉందిగా పెద్దమ్మా. మీరే చెప్పండి."

చెంప చెళ్ళుమనిపించినా అంత మండేది కాదు. ఇంత వయసొచ్చి, చెయ్యి చాస్తే అందే మనిషికి ఇంకొకరిచేత చెప్పించబోయింది. బలవంతాన తల తిప్పింది.

"వదినా, నిన్ను కాదు. పొడుగు తమ్ముణ్ణి అన్నాను."

వదిన తలెత్తి అడిగింది. "మరి, సబ్బు పారబోస్తున్నారన్నది?"

"నిన్ను కాదు."

"మంచినీళ్ళ వంకతో మాటిమాటికీ బయటికి పోతున్నారన్నది?"

"నిన్ను కాదు వదినా."

"నన్నే అనుకుని నీళ్ళు తాగడం తగ్గించానక్కా." ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. "పనిచోట ఈ ఇకఇకలేంటని ఒకసారి అన్నారు. అదీ నన్ను కాదా?"

వదిన ఒకప్పుడు పడీపడీ నవ్వే మనిషి. ఆ నవ్వు ఆగిపోతే వయసు మీదపడిందనుకుంది గోడక్క, అంతే. గోడకని విసిరిన ప్రతి రాయీ ఇన్నేళ్ళూ ఈవిడకే తగిలింది. భుజాలు తడుముకున్నది దొంగలు కాదు.

"తప్పు నాది వదినా. నువ్వు రా" అంది చివరికి.

మర్నాడు పొద్దున్నే పొడుగు తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. మొహం చూసే చెప్పింది. "యంత్రం ఆగాకే తలుపు తియ్యి. బట్టలు తడిగా వెళ్తున్నాయి."

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తడిగా వెళ్తున్నాయా? నాకెవరూ చెప్పలేదేంటక్కా?"

గోడక్క తలూపి వచ్చేసింది.

వదిన వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పొడుగు తమ్ముడు, "ఏంటక్కా, ఇవాళ గోడకు సెలవిచ్చారా?" అన్నాడు. గది గొల్లుమంది. వదినకూ నవ్వొచ్చింది. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వవచ్చా అన్నట్టు గోడక్కవైపు చూసింది.

ఆ చూపుకు తట్టుకోలేక గోడక్క మెడ అలవాటుగా గోడవైపు తిరగబోయింది. ఆపుకుంది.

"నవ్వు వదినా" అంది.

వదిన నవ్వింది గానీ, నోటిమీది చెయ్యి మాత్రం తియ్యలేదు.