నొప్పి లేని గడ్డ

మా నాయన గొర్రె ఒంటి మీద చెయ్యి వేస్తే చాలు, లేచిన గడ్డ ఎలాంటిదో చెప్పేవాడు. వేడిగా ఉండి, ఒత్తగానే గొర్రె గింజుకుంటే చీముగడ్డ. దవడ కింద మెత్తగా వేలాడితే నీరుగడ్డ. ఒత్తినా కిమ్మనకపోతే కొవ్వుగడ్డ, దాని జోలికి పోవద్దనేవాడు. తాండూరు సంతలో కూడా ఆయన మాటకు తిరుగుండేది కాదు. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది. అదే నా తిప్పలు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో మా అమ్మ రొమ్ములో గడ్డ లేచింది. నాయనే ఒత్తి చూశాడు.

"నొప్పి లేదు గద?" అన్నాడు. అమ్మ లేదంది. "అయితే కొవ్వుగడ్డ. ఫికర్ చెయ్యకు."

రెండేళ్లు ఎవరమూ ఫికర్ చెయ్యలేదు. అమ్మ జొన్నలు విసిరింది, మంద వెంట తిరిగింది. చంకలో ఇంకొకటి లేచాక నేను పోరు పెడితే ముగ్గురం రైలెక్కి వికారాబాదు దవాఖానకు పోయాం.

డాక్టరు ఓపికగల మనిషి. నాయనకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. ఒంట్లో ఏదైనా అదుపు తప్పి పెరిగితే గడ్డ అవుతుందట. ఎక్కడ పుట్టిందో దాన్నిబట్టి పేరు. కొవ్వులో పుట్టింది చాలావరకు తన సంచిలోనే ఉండిపోతుంది, చేతికి అటూ ఇటూ జారుతుంది. అమ్మది పాలు తయారయ్యే చోట పుట్టింది. దానికి సంచి లేదు, చుట్టూ పాతుకుపోయింది, చంకదాకా పాకింది.

"దీన్ని కేన్సర్ అంటారు. ముక్క కోసి పట్నం పంపి ఖాయం చేసుకుందాం. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే మోసపోతాం" అన్నాడు.

పట్నం నుంచి వచ్చిన కాగితంలోనూ అదే ఉంది. కోసి తీసే దశ దాటిపోయిందన్నారు. గడ్డ పగిలి పుండైంది. ఆ చలికాలమంతా నేను ఆ పుండు కడగడం, గుడ్డలు ఉడకబెట్టడం, చూడవచ్చిన వాళ్లకు చెప్పిందే చెప్పడం. నేను అలిసిపోయాను. ఎప్పుడు అయిపోతుందా అని కూడా అనుకున్నాను. ఎండలు ముదరకముందే అమ్మ పోయింది.

తర్వాత జీవాలను తోలుకొచ్చినవాళ్లను నాయన "నాకు తెల్వదు" అని తిప్పి పంపేవాడు. ఒకనాడు నాకు కోపం ఆగలేదు.

"నొప్పి లేకుంటే మంచిదని నీకెవరు చెప్పిండ్రు నాయనా?"

ఆయన నా వైపు తిరిగాడు.

"ఎవరు చెప్పలే బిడ్డా. నొప్పి లేదన్నది మీ అమ్మ. గా దినం నాకు మస్తు సంతోషమైంది. గా సంతోషంల ఇంకేం చూడలే."