శ్రుతి ఒక్కటే మోగే చోటు

నలిపిన మిరియాలు మరిగే నీళ్లలో పడగానే లేచే ఘాటు ముక్కుకు తగిలితే, నాకు ఇప్పటికీ ఫాదర్ బాలశౌరి గుర్తుకొస్తారు. మొన్న కోడలికి జలుబు చేసిందని పొయ్యి మీద ఆ నీళ్లే పెట్టాను. పక్కన ఫోన్లో ఆయన పాట నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఒకచోట గొంతు ఆగిపోయింది. శ్రుతి ఒక్కటే మోగుతోంది.

"అత్తమ్మా, నెట్ పోయినట్టున్నది," అంటూ కోడలు ఫోన్ అందుకోబోయింది.

"పోలేదు బిడ్డా. ముట్టకు. గది గంతే."

కాసేపటికి గొంతు మళ్లీ వచ్చింది. "గదేంది, నడుమల గట్ల ఇడిశిపెట్టిండు?" అంది కోడలు. ఆమె కాపురానికి వచ్చేసరికే ఫాదర్ ఊరు మారిపోయారు. ఆ ఖాళీ ఏమిటో చెప్పాలంటే ఆయన ఎవరో ముందు చెప్పాలి.

మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలు అంటారు. మా గల్లీ నిండా సాంచాల షెడ్లే. షెడ్ల వెనక గోడకు ఆనుకుని చర్చి ఉంది. మా ఆయన షెడ్డులో సాంచాలు నడిపేవాడు. నేను చర్చి ఊడ్చి, ఫాదర్‌కు వంట చేసేదాన్ని. మాది వాళ్ల మతం కాదు. ఇంటి పక్కన పని దొరికింది, చేశాను. సాంచాల చప్పుడులో బతికేవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. నా గొంతు అరిచి అరిచి ఎప్పుడో గరగరలాడిపోయింది. "రాజవ్వా, నేను నీ పక్కనే ఉన్నాను తల్లీ, జగిత్యాలలో లేను," అనేవారు ఫాదర్ చెవి మూసుకుని.

ఆయన గుంటూరు వైపు మనిషి. ఫాదర్ కాకముందు అక్కడ ఒక వయొలిన్ పంతులుగారి దగ్గర చాలా ఏళ్లు పాట నేర్చుకున్నారు. పంతులుగారు పూజలూ మడీ ఉన్న మనిషి. "నీ దేవుడి సంగతి నువ్వు చూసుకో, నీ శ్రుతి సంగతి నేను చూస్తా" అన్నారట. పొద్దున పూజ అయిపోగానే ఫాదర్ శ్రుతిపెట్టె పెట్టుకుని ఏసు మీద కీర్తనలు పాడేవారు. రాగాల పేర్లు నాకు తెలియవు. ఒకే మాటను పట్టుకుని నలభై రకాలుగా తిప్పేవారు. షెడ్డు వాళ్లు నవ్వేవారు: "రాజక్కా, మీ ఫాదర్ దేవున్ని పిలుస్తుండా, దేవునితోని కొట్లాడుతుండా?" ఈ మాట ఆయనకు చెబితే, "రెండూనమ్మా," అన్నారు.

మంచివారే కానీ సులువైన మనిషి కాదు. గొంతు గురించి ఆయనకు ఉన్నంత భయం పసిపిల్ల గురించి తల్లికి కూడా ఉండదు. మజ్జిగ ముట్టరు. మిరియాల నీళ్లు కాస్త చల్లారినా వెనక్కి పంపుతారు. అన్నం తింటూ కంచం మీద తాళం వేస్తారు, పప్పులో ఉప్పు ఎక్కువైతే ఆ తాళం ఆగుతుంది. అలా ఆగితే నాకు తిట్లు పడతాయని అర్థం.

చర్చి గోడల మీద ఏసును శిలువ వేసిన కథంతా వరుసగా పటాలు ఉండేవి. వాటి దుమ్ము దులిపేది నేనే. ఒక పటంలో తల్లి చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఒకరోజు అడిగాను.

"ఫాదర్, గీ తల్లి ఏడుస్తలేదేంది? కొడుకు సచ్చిండు గద."

ఆయన పటం దగ్గరికి వచ్చి చాలాసేపు చూశారు. "బొమ్మ గీసినవాడికి ఏడుపు చేతకాలేదేమో రాజవ్వా," అన్నారు. ఆ తర్వాత ఆ తల్లి మీద పాట కట్టడం మొదలుపెట్టారు. కట్టడం, కొట్టేయడం, మళ్లీ కట్టడం. నచ్చేది కాదు.

ఇంతలో మా ఆయన చనిపోయాడు. షెడ్డులోనే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. మా దగ్గర గల్లీలో చావు అయితే, శవం లేచేదాకా సాంచాలు బంద్ చేస్తారు. గల్లీ మొత్తం అలా మూగబోవడం ఎప్పుడో కానీ జరగదు. ఆ మౌనంలో నేను శోకం పెట్టి ఏడ్చాను. మా వైపు ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయిన మనిషి చేసినవన్నీ తలుచుకుంటూ, రాగం తీస్తూ ఏడుస్తారు. "తెగిన పోగులన్ని అతికినోడా, నన్ను అతకక పోతివా" అని ఏడ్చానట. నాకు అంతగా గుర్తులేదు. పక్కింటివాళ్లు తర్వాత చెప్పారు.

కర్మకాండలన్నీ అయ్యాక పనికి పోయాను. ఒక పొద్దున చీపురు పట్టుకుని చర్చిలోకి అడుగుపెడితే, లోపల ఫాదర్ పాడుతున్నారు. రెండు వరసలు విన్నాను. మాటలు ఆ తల్లివి. రాగం నాది. నేను ఎక్కడ పైకి పోయానో అక్కడే పోతోంది, ఎక్కడ ఊపిరి తెగిందో అక్కడే తెగుతోంది.

"ఫాదర్, మా ఇంటాయన మీద ఏడ్శిన ఏడుపు గది. మీ నోట్లకెట్ల అచ్చింది?"

ఆయన శ్రుతిపెట్టె ఆపారు.

"ఆ రోజు గోడ ఇవతల కూర్చుని విన్నానమ్మా. అప్పటినుంచి వదలడం లేదు. ఆ తల్లి ఎందుకు ఏడవడం లేదని నువ్వు అడిగావు. ఆమెకు ఏ ఏడుపు ఇవ్వాలో నీది విన్నాకే తెలిసింది. కానీ నిన్ను అడగకుండా తీసుకున్నాను. తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను. ఇస్తావా?"

"ఇయ్య."

"సరే," అన్నారు.

ఇవ్వనన్నది కోపంతో కాదు. శోకం శవం ముందర పెట్టేది. ఊరికే పెడితే ఇంకో చావును పిలిచినట్టే అని మా అమ్మ మాకు చిన్నప్పటి నుంచి చెప్పింది. ఇంట్లో నాకు ఒక్కడే కొడుకు. ఆ రాగం ఫోన్లలో ఇంటింటికీ తిరిగితే, ఏ చావు ఎటు నుంచి వస్తుందోనని నా భయం.

కోరుట్ల చర్చి ఫాదర్ వయొలిన్ వాయిస్తారు. ఇద్దరూ కలిసి ఆ పాటలన్నీ రికార్డు చేయాలని అప్పటికే అనుకున్నారు. నేను ఇవ్వనన్న సంగతి తెలిసి కోరుట్ల ఫాదర్ సిరిసిల్లకు వచ్చి నన్ను కూర్చోబెట్టారు.

"రాజవ్వా, దేవుని పాట గదమ్మా. గీ చావును పిల్సుడు అన్నీ ఉత్త మూఢనమ్మకాలు. గా ముక్క లేకుంటే పాటకు పానమే లేదు."

నేను జవాబు చెప్పేలోపే లోపలి గదిలోంచి ఫాదర్ బాలశౌరి గొంతు వినిపించింది. "మీరు కాఫీ తాగి కోరుట్ల బస్సెక్కండి. ఆమె వద్దంది. అక్కడితో అయిపోయింది."

"నీకోసమే అడుగుతున్న గద!"

"నాకోసం మీరు వయొలిన్ శ్రుతి చేసుకోండి, చాలు."

జగిత్యాలలో ఒక ఫోటో స్టూడియో మీద చిన్న రికార్డింగ్ గది ఉంది. మిరియాల నీళ్ల ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెళ్లాను. నిజం చెప్పాలంటే కాపలాకు వెళ్లాను. మాట ఇచ్చినా, పాటలో పడ్డ మనిషి నోరు ఎటు పోతుందో ఎవరికి తెలుసు? అద్దం ఇవతల కూర్చుని కన్నార్పకుండా ఆయన నోటినే చూశాను. కొడుకును శిలువ మీది నుంచి దించారు, తల్లి ఒళ్లో పెట్టారు. అక్కడ ఆయన ఆగారు. చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది. పెదవులు కదలలేదు. కోరుట్ల ఫాదర్ వయొలిన్ మీంచి కమాను దించుకున్నారు. శ్రుతి ఒక్కటే మోగుతోంది.

"ఫాదర్, మర్శిపోయిన్రా?" అన్నాడు మిషన్ దగ్గరి మనిషి మైకులో. ఫాదర్ అరచెయ్యి చూపించి ఆగమన్నారు. నా రాగానికి పట్టే తాళాలు అన్నీ అయ్యాక పాట అందుకున్నారు. అయిపోయాక ఆ మనిషి, "గా ఖాళీ కట్ చేస్త," అన్నాడు.

"ముట్టుకోకు. అది కూడా పాటే."

తిరిగి వచ్చే దారిలో నేనే అడిగాను. "ఇంకోటేదన్న రాగం పెట్టకపోయిన్రా? మీకు శాన అస్తయి గద."

"పెట్టి చూశానమ్మా. ఏది పెట్టినా అబద్ధంలా ఉంది. చోటు అలా ఉండనీ." అని ఫ్లాస్కు మూత తీసి, "చల్లారిపోయాయి," అని విసుక్కున్నారు.

తర్వాత ఆయనను కోరుట్లకు, ఆ వయొలిన్ ఫాదర్ ఉన్న చర్చికే మార్చారు. అక్కడే కొన్నేళ్లు ఉన్నారు. ఒకరోజు వయొలిన్ ఫాదర్ ఫోన్ చేసి, "రాజవ్వా, బాలశౌరి పోయిండు," అన్నారు. నేను బస్సెక్కాను.

చర్చిలో పెట్టె, పెట్టెలో పూజ బట్టలతో ఆయన. చుట్టూ ఫాదర్లు వరుసగా నిలబడి పుస్తకాలు చూస్తూ పాడారు. బాగానే పాడారు. గుంటూరు నుంచి ఆయన సొంత అన్న ఒక్కడు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెళ్లాం లేదు, బిడ్డ లేదు, అక్కచెల్లెళ్లు లేరు. ఒక్క ఆడమనిషి కూడా ఏడవలేదు. చావు దగ్గర అంత శుభ్రమైన మౌనం నేనెక్కడా చూడలేదు. పాటలు అయిపోయి, పెట్టె మూత అందుకున్నారు.

శవం ముందర ఉంది. ఇక భయపడాల్సింది ఏముంది? నేను ముందుకు పోయి పెట్టె పట్టుకున్నాను.

"ఇయ్యనంటె ఊకున్నోడా, గిప్పుడు తీస్కపో నాయినా..."

అదే రాగం. నా గరగర గొంతు చర్చి కప్పుకు తగిలింది. ఎవరో కుర్రవాడు ఫోన్ పైకెత్తాడు. వయొలిన్ ఫాదర్ రెండంగల్లో వచ్చి, ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టి కిందికి దించారు. నేను ఆపేదాకా ఎవరూ మూత వేయలేదు.

కోడలికి ఇదంతా చెప్పాను. ఇప్పుడు ఆ చోటు వస్తే ఆమె ఫోన్ ముట్టదు. నేను అక్కడ పాడను, ఏడవను. పొయ్యి మంట తగ్గించి, ఆయన గొంతు మళ్లీ అందుకునేదాకా మిరియాల నీళ్లు చల్లారకుండా చూస్తాను.