ఖాళీ గల్లీ అని రాసుకుపోయారు

మా ఖాలా పోయింది. పోయిన శుక్రవారం పొద్దున నమాజు చేసుకొని, పాన్‌దాన్ దగ్గరికి లాక్కుని, గోడకు ఆనుకొని కళ్ళు మూసిందట. కోడలు చాయ్ తీసుకొచ్చి చూస్తే అంతా అయిపోయింది. ఖాలా అంటే పిన్ని. నాకు సొంత పిన్ని కాదు. శాలిబండలో మాది పాడి బర్రెల ఇల్లు, ఆమెది మా పక్కిల్లు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెను అట్లాగే పిలిచాను.

మూడో నాడు జియారత్, అంటే పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, జరిగింది. అక్కడ మగవాళ్ళు చెప్పుకున్న మాటలు మా ఆయన ఇంటికి మోసుకొచ్చాడు. "మస్తు మంచిదట. ఎన్నడు గడప దాటి గొంతు ఇనబడలేదట," అన్నాడు. ఆ మాట అన్నది ఆమె మరిది, మా మొహల్లాకు పెద్దమనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది, వస్తున్న ఏడుపు కూడా ఆగిపోయింది. ఆ గొంతు గడప దాటి ఎంత దూరం పోయిందో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. చనిపోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలంటారు. నాకు నెమ్మది రావడం లేదు. చదివే అక్కచెల్లెళ్ళు క్షమించాలి.

మా ఇండ్ల ముందు పెద్ద సడక్. దుకాణాలు, టాంగాలు, బస్సులు. వెనక ఒక గల్లీ. ఆ గల్లీ ఆడవాళ్ళది. ముస్లిం ఇండ్లవాళ్ళు బురఖా లేకుండా, మేము నెత్తిన కొంగు లేకుండా అందులో తిరిగేవాళ్ళం. చింతపండు బదులుకు, బాలింతకు కాయం అడగడానికి, ఏమీ పని లేకపోతే ఊరికే ముచ్చటకు. ఎవరైనా మగమనిషి ఆ దారిన రావలసి వస్తే మొదట్లో ఆగి, దగ్గి, "పర్దా" అని కేక వెయ్యాలి. మేము తలుపుల వెనక్కి జరిగేవాళ్ళం. ఆయన తల వంచుకొని దాటిపోతే మళ్ళీ బయటికి వచ్చేవాళ్ళం.

ఖాలా ఆ గల్లీకి రాణి అంటే ఆమెకే నవ్వొచ్చేది. ఒక చేతిలో అంబాడా, అంటే మన గోంగూర కట్ట, ఇంకో చేతిలో పాన్ డబ్బా, నోట్లో ఎప్పుడూ ఒక విసురు. "నీ మొగని పాలల్ల మూసీ పారుతున్నది పిల్లా, చేపలు దొరికితె నాకు చెప్పు," అనేది. మా అత్త ముందే అనేది. మా అత్త కూడా నవ్వేది, అది మామూలు సంగతి కాదు.

నా కాపురం కొత్తలో చార్మినార్ వైపు నుంచి మా దాకా సైకిళ్ళకు వేరే బాట వేశారు. దాన్ని జహనుమా దాకా పొడిగిస్తామన్నారు. మంచిదే. బస్సులకూ టాంగాలకూ నడుమ కార్ఖానా పనివాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని సైకిల్ తొక్కేవాళ్ళు. బాట వద్దని ఖాలా ఎన్నడూ అనలేదు. "నాకొస్తే నేనే తొక్కుతుంటి," అనేది. కానీ బాట ఎటు నుంచి పోవాలి? పెద్ద సడక్ పక్క నుంచి పోతే దుకాణాల ముందరి అరుగులు కొట్టెయ్యాలి. అందులో అన్నిటికంటే పెద్ద అరుగు ఖాలా మరిదిది. లేదంటే వెనక గల్లీ.

బాట వేసే సర్కారు దఫ్తరు మనుషులు గల్లీ చూడడానికి వచ్చారు. మర్యాద తప్పకూడదు కదా. ఖాలా మరిదీ మా ఆయనా ఆ వచ్చినవాళ్ళ ముందు నడుస్తూ, దగ్గి, "పర్దా, పర్దా" అని కేకలు పెట్టారు. మేమూ మర్యాద తెలిసినవాళ్ళమే. చేతిలో పని చేతిలోనే పట్టుకొని లోపలికి పోయాము. వాళ్ళు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచారు. ఒక్క మనిషి కనిపించలేదు. ఖాళీ గల్లీ, ఎవరూ వాడడం లేదు అని రాసుకుపోయారు.

ఆ ముచ్చట మా ఆయన అన్నం తింటూ సంతోషంగా చెప్పాడు. నేను పోయి ఖాలాకు చెప్పాను.  "గాళ్ళే మనల్ని లోపలికి పొమ్మన్నరు, గాళ్ళే ఎవ్వరు లేరన్నరు. గిదేం నాయం పిల్లా?" అన్నది. 

దఫ్తరు వాళ్ళు గుర్తులు పెట్టడానికి మళ్ళీ వచ్చారు. మా ఆయన మళ్ళీ "పర్దా" అన్నాడు. ఈసారి ఎవరమూ లోపలికి పోలేదు. ఖాలా తన గుమ్మానికి ఉన్న మందపాటి పర్దా ఊడదీసి, గల్లీకి అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టించింది. దాని వెనక మేమంతా కూర్చున్నాము. మా అత్త కూడా కూర్చున్నది. పర్దా దాటి రావడం ఏ మగవాడికీ మర్యాద కాదు. వచ్చినవాళ్ళు వచ్చిన చోటే ఆగిపోయారు.

"పర్దా అన్నరు, కట్టినం," అన్నది ఖాలా లోపలి నుంచి. "ఇగ ఖాళీ ఉన్నదో లేదో రాసుకోండ్రి."

"ఎంతమంది ఉన్నరమ్మా ఆడ?" అని దఫ్తరు మనిషి అడిగాడు.

"దగ్గుండ్రే," అన్నది ఖాలా మాతో. గల్లీ గల్లీ అంతా దగ్గింది. ముసలివాళ్ళు, కొత్త కోడళ్ళు, చంటిపిల్లల తల్లులు. ఎవరికో నిజంగానే దగ్గు వచ్చి ఆగలేదు. దఫ్తరు మనిషి నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. అదీ అక్కచెల్లెళ్ళారా, గడప దాటి వినబడని గొంతు.

గెలిచామనుకున్నాము. మరునాడు ఆమె మరిది దఫ్తరుకు పోయి, "మా ఆడవాళ్ళ తరఫున నేను మాట్లాడుతున్నాను, వాళ్ళకు ఏ అభ్యంతరమూ లేదు" అని చెప్పి వచ్చాడు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు కదా, ఆయన సంగతి అదే. ఆయన అరుగు ఆయనకు మిగిలింది. మా గల్లీలో సైకిల్ గంటలు మోగడం మొదలుపెట్టాయి. సైకిల్ మీద వచ్చేవాడు దగ్గడు, ఆగడు, "పర్దా" అనడు. అనమని అడగడానికి కూడా వీల్లేదు, పొద్దున షిఫ్టుకు పోయే మనిషి. అతని తప్పు లేదు. తప్పు ఎవరిదో నాకు తెలుసు.

పక్కింటికి రావడానికి ఖాలాకు బురఖా కావలసి వచ్చింది. బురఖా ఉన్నా, మరిది సరేనంటేనే బయటికి. నా మొదటి కానుపు సాయంత్రం జరిగింది. మా అత్త గోడ మీదుగా కేక వేసింది. కార్ఖానా విడిచిన వేళ, గల్లీ నిండా సైకిళ్ళు. ఖాలా తలుపు వెనక నిలబడే ఉన్నదట, బురఖా వేసుకొని, చెప్పులు తొడుక్కొని. సైకిళ్ళ వరుస తెగలేదు. ఆమె వచ్చేసరికి పిల్ల పుట్టింది. పిల్లను ఎత్తుకోలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "నడుమ ఒక్క గోడనే కద," అన్నది, అంతే.

నా పురిటి స్నానం కాకముందే ఆ గోడ మీద గడ్డపార పడింది. ఆమె తన చేతులతోనే మొదలుపెట్టింది. మరిది వచ్చి లొల్లి చేశాడు, ఇల్లు కూలుతుందన్నాడు.

"కూలనీ. అందరం సడక్ మీదనే ఉంటం. నీ అరుగు మస్తు పెద్దగున్నది, సరిపోతది."

ఇటు మా అత్త అడ్డుపడింది. వంటింటి వైపు దర్వాజ వద్దంటే వద్దన్నది. చివరికి బర్రెల కొట్టంలోకి తెరిచారు. "బర్రెలకు లేని ఫికర్ నీకెందుకక్కా," అన్నది ఖాలా, పేడ అంటకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని లోపలికి వస్తూ. తరువాత మా అవతలి ఇల్లు తెరిచింది. దాని అవతలిది. ఒకరిని చూసి ఒకరు. ఇంట్లోంచి ఇంట్లోకి మా వరుసంతా దారి పడింది. సైకిల్ బాట పక్కనే, ఎవరికీ కనిపించకుండా. దఫ్తరు వాళ్ళు సైకిల్ బాట ఎటు నుంచి వెయ్యాలో చూసుకున్నారు, మా దారి ఆమె చూసింది. నా ముగ్గురు పిల్లలు ఆ దర్వాజాలోనే నడక నేర్చుకున్నారు.

ఇక్కడి దాకా నిన్న రాశాను. కన్నీళ్ళతో ముగిద్దామనుకున్నాను. ఈ పొద్దున ఆ మరిది తాపీ మేస్త్రీని తీసుకొచ్చాడు. ఇటుకలు మా కొట్టంలోనే దింపించాడు.

"జమానా బాగలేదు బేటీ," అన్నాడు. "మీరు వేరు, మేము వేరు. రెండిండ్ల నడుమ దర్వాజ ఉంటే రేపు ఏదన్న అయితే మాటొస్తది. బంద్ చేస్తె అందరికి మంచిది."

మా ఆయన నేల చూస్తూ, "ఆయన చెప్పేది నిజమే," అన్నాడు. ఇన్నేళ్ళలో వీళ్ళిద్దరికీ ఎన్నిసార్లు మాట కలిసిందో, అన్నిసార్లూ మా దారే పోయింది. ఆమె మట్టి ఇంకా ఆరలేదు. బతికి ఉండగా ఒక్క ఇటుక తెచ్చే ధైర్యం చేశారా?

 నేను పోయి దర్వాజా నడుమ కూర్చున్నాను. కాగితాలు తెప్పించుకున్నాను, ఈ నాలుగు ముక్కలు అక్కడే కూర్చొని రాస్తున్నాను. మా ఆయన రెండుసార్లు పిలిచి పోయాడు. ఇంతలో అటు నుంచి ఖాలా కోడలు వచ్చింది. మామల ముందు తలెత్తి మాట్లాడి ఎరుగని పిల్ల. "జరుగు అక్కా," అన్నది. జరిగాను. నా పక్కన ఇరుక్కొని కూర్చొని, కాళ్ళు బారజాపింది. ఇప్పుడు మా అవతలి ఇంట్లోంచి కూడా గాజుల చప్పుడు దగ్గరికి వస్తున్నది.

మేస్త్రీ బర్రె పక్కన గొంతుక్కూర్చొని బీడీ ముట్టించాడు. "సున్నం కలిపిన అమ్మా, గట్టిపడితె ఇగ పనికిరాదు," అంటున్నాడు. తట్టలో సున్నం మీద అప్పుడే పొర కట్టింది.