దారంతో గీసిన రాతి మడత

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో మా బావ మదనపల్లె క్షయ ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం పట్టకముందు కుప్పం దగ్గర ఒక సర్వే బృందంలో లెక్కలు కట్టేవాడు. కోలారు వైపు నుంచి వచ్చే బంగారపు రాతిపొర నేల కింద ఎటు పోయిందో కనుక్కోవడం వాళ్ల పని. డైనమైటు పేల్చి, లోపలి నుంచి తిరిగి వచ్చే అదురును కాగితం మీద గీతలుగా పట్టేవారు.

అదురు ఎక్కడ అందితే పొర సరిగ్గా దాని కిందే ఉందనుకుని పై అధికారి అయిన దొర పటం గీశాడు. పొరలు పరుపుల్లా పరుచుకుని ఉంటే అది సరే. అక్కడి రాయి మడతలు పడి, ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంది. అదురు పక్కనుంచి కూడా వస్తుంది. బోరు తప్పు చోట దింపుతున్నారన్నదే బావ బాధ.

ఆ గీతల కాగితాలు తెప్పించుకుని, పడుకునే కొత్త పటం మొదలుపెట్టాడు. అదురు ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది గాని, ఏ వైపు నుంచో తెలియదు. అందుకని అదురు అందిన ఒక్కో చోట దారం కొస నొక్కిపట్టి, అంత పొడవున ఒక వంపు గీయాలి. వంపులన్నిటి అంచులనూ తాకుతూ పోయే గీతే రాతి అసలు రూపు. పడుకుని దారం బిగబట్టడం బావకు కుదరదు. గీసింది మా అక్క, రైకలు కుట్టే దారంతో.

"రైక కత్తిరించమంటే కత్తిరిస్తా. ఈయన భూమిని కత్తిరించమంటాండాడు, సూడప్పా," అంది నాతో.

"దారం బిగించమ్మే. వదులైతే కొండ కదిలిపోతాది," అన్నాడు బావ. నవ్వబోతే దగ్గు వచ్చింది.

కొత్త పటంలో పొర ఏటవాలుగా తూర్పుకు జరిగి కనిపించింది.

"బోరు ఆడికి మార్చమని సెప్పప్పా. పొర తగిలిందని ఇంటే సాలు నాకు," అన్నాడు.

నేను పనిచేసే పత్రికలో సెలవు పెట్టి, పుంగనూరు మీదుగా బొగ్గుతో నడిచే బస్సులో కుప్పం చేరాను. అక్కడ గుడారాలు పీకుతున్నారు. బోరు సామాను బండ్లకెక్కింది.

"ఏల వస్తివప్పా ఇంత దూరం?" అన్నాడు మేస్త్రీ. "ఉత్త తెల్లరాయే పడింది. సాలించుకోమని దొర ఎల్లిపాయ." పటం విప్పి చూపించాను. చాలాసేపు చూసి, మళ్లీ చుట్టి నా చేతికే ఇచ్చాడు.

బోరులోంచి తీసిన రాతి ముక్కలు, చేతికర్ర తుంటల్లాంటివి, పక్కన కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి తెచ్చాను.

జరిగింది జరిగినట్టే బావకు చెప్పాను. రాయి ఇమ్మని చెయ్యి చాచాడు. ఆ రాతిని తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు తిప్పాడు. అందులో ఒక నల్లచార దాదాపు నిలువుగా దిగి ఉంది.

"పరుపు మాదిరి ఉంటే ఈ చార అడ్డంగా ఉండల్ల. నిలబడి ఉండాది సూడమ్మే. పక్కనే ఉండాది పొర."

"అవును, మీరు సెప్పినట్టే ఉండాది," అంది అక్క.

బావ రాతిని ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆ కాస్త బరువుకే ఊపిరి ఆడలేదు. అక్క మెల్లగా దాన్ని తీసి మంచం పక్కన నేల మీద పెట్టింది. కాసేపటికి ఆయన చెయ్యి కిందికి జారి, దానికోసం తడుముకుంది.