మా అత్తయ్య వంటగట్టుకి రంగు వేసిన సంగతి

మా అత్తయ్య పెళ్ళైన కొన్నాళ్ళకే మా మామగారిని పోగొట్టుకుని, చంకలో పిల్లాడితో మిల్లు క్యాంటీన్లో గిన్నెలు తోమే పనికి చేరింది. అక్కడే కూరలు తరిగింది, అక్కడే గరిటె పట్టింది, చివరికి వంటవాళ్ళందరి మీదా పెద్ద అయ్యింది. మిల్లులో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు, హెడ్డమ్మ అనేవాళ్ళు. పని మానేసి ఇంట్లో కూర్చున్నా ఆ హోదా మాత్రం వదల్లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా చేతిలోంచి కత్తి లాక్కుని, "ఉల్లిపాయని తరగమన్నాను గానీ చంపమన్లేదమ్మాయ్" అంది. వంట ఆవిడది, అందించడం నాది. అలాగే గడిచిపోయింది.

తర్వాత ఆవిడకి చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని, ఉన్న చూపు కూడా మెల్లగా పోతుందని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక ఆవిడ, "ఆయన మొహమే నాకు సరిగ్గా కనపళ్ళేదు, ఆయన మాట నేనెందుకు నమ్మాలి?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆటోలో కూర్చున్నాక ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇల్లొచ్చేదాకా వదల్లేదు.

ఒకరోజు కత్తి ఆవిడ వేలిలో బాగా దిగింది. సాయంత్రం మా ఆయన ఆఫీసు నించి వచ్చి కట్టు చూసి, "ఇంక చాల్లే అమ్మా. నువ్వు చేసిన చాకిరీ చాలు, వంటింట్లోకి రాకు" అన్నారు.

"చాకిరీ అని ఎవరన్నార్రా? వంట మానేసి నేనేం చెయ్యాలి, నీ మొహం చూస్తూ కూర్చోవాలా? అది కూడా కనపడి చావట్లేదు."

"నవ్వులాట కాదు. ఇంకొక్కసారి ఏమన్నా అయితే నేనొప్పుకోను. చెప్తున్నా."

ఆ ఒక్కసారీ రాకుండా చూసుకోవాలి, అంతే. అప్పట్నించీ ఆవిడ ధ్యాసంతా అదే.

మా వంటగట్టు మీద ముదురు కాఫీ రంగు లామినేట్ షీటు ఉండేది, దాని మీద నల్లచుక్కలు. ఇల్లు కొన్నప్పటిది. కత్తి పెడితే కత్తి కలిసిపోయేది, మూత పెడితే మూత కలిసిపోయేది. నల్లటి వస్తువు కింద తెల్లటిది ఉంటే బాగా తెలుస్తుందని కంటాసుపత్రిలో నర్సు చెప్పిన మాట ఆవిడ పట్టుకుంది. కొత్త రాయి వేయించే స్తోమత మాకు లేదు. అందుకని రంగు వేద్దామంది.

పెయింట్ల షాపతను పెదవి విరిచాడు. "లామినేట్ నున్నగా ఉంటుంది కదమ్మా, రంగు పట్టదు. ముందు గరుకు కాగితంతో బాగా రుద్దాలి. దానికి ప్రైమర్ కూడా వేరే ఉంటుంది. రుద్దడమే పెద్ద పని."

"రుద్దడం నాకు చెప్తున్నాడు" అంది అత్తయ్య నాతో, అతనికి వినపడేలాగే. "క్యాంటీన్ డేక్సాలు వీళ్ళ బాబొచ్చి తోమాడు కాబోలు."

వేడినీళ్ళలో సోడా కలిపి ఏళ్ళ నాటి జిడ్డంతా వదలగొట్టాం. తర్వాత గరుకు కాగితం. ఇద్దరం ఎదురూబొదురూ నిలబడి, ముక్కులకి గుడ్డలు కట్టుకుని రుద్దాం. పొడంతా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాక, గుంటలు పూడ్చడానికి లప్పం కలిపాను. గుంటలు చూపించింది ఆవిడే. వేళ్ళు గట్టు మీద నడిపిస్తూ, "ఇదిగో, ఇక్కడ పెద్ద గిన్నె పెట్టినప్పుడు కాలింది. ఇక్కడ కత్తిగాట్లు. ఇదిగో సింకు పక్కన నీళ్ళు దిగి అంచు ఉబ్బింది, దీన్ని చెక్కెయ్" అంటూ ఒక్కొక్కటీ చూపించింది. కళ్ళున్న నాకు అందులో సగం కనపళ్ళేదు.

"ఇవన్నీ పూడ్చాలా అత్తయ్యా? రంగు వేస్తే చాలదా?"

"వేసేది ఎలాగూ వేస్తున్నాం, అద్దంలా ఉండాలి. మావాడు చూసి నోరు మూసుకోవాలి."

ప్రైమర్ వేశాం, ఆరనిచ్చాం, మీగడ రంగు పెయింటు రోలర్‌తో పల్చగా రెండు పొరలు వేశాం, పైన వార్నిష్. పూర్తిగా గట్టిపడేదాకా గట్టు ముట్టుకోవద్దని షాపతను చెబితే, బాల్కనీలో చిన్న స్టవ్ పెట్టుకుని వండుకున్నాం. అత్తయ్య రోజూ గుమ్మంలో నిలబడి, "ఆరిందా?" అని అడిగేది, పెళ్ళికూతురు తయారైందా అన్నట్టు.

మళ్ళీ వంట మొదలుపెట్టిన రోజు పొద్దున ఆవిడ నల్లపిడి కత్తి గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. "కనిపిస్తోందమ్మాయ్" అంది. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి చూసింది. ఉల్లిపాయలు తరిగింది. ముక్కలన్నీ ఒకే సైజులో పడ్డాయి. మా ఆయన గడ్డం గీసుకుంటూ తొంగి చూసి, "బాగుందే" అన్నారు. ఆవిడ నా వైపు తిరిగి కనుబొమలెగరేసింది.

బంగాళాదుంపలు ఉడికాయి. కుడిచేత్తో గిన్నె పిడి పట్టుకుని, ఎడమచెయ్యి గట్టు మీద జార్చుకుంటూ నీళ్ళు వంపడానికి సింకు వైపు నడిచింది. ఆ చెయ్యి ఎప్పుడూ సింకు పక్కన ఉబ్బిన అంచు తగలగానే ఆగేది. ఆ సంగతి నాకూ తెలీదు, ఆవిడకీ తెలీదు. ఈసారి చేతికి ఏమీ తగల్లేదు. ఒక క్షణం తడబడి, ఇక్కడే కదా అనుకుని గిన్నె వంచింది. సింకు ఇంకా జానెడు అవతలుంది. మరిగిన నీళ్ళు గట్టు మీద పడి, నున్నటి వార్నిష్ మీంచి జారి ఆవిడ పాదాల మీద పడ్డాయి.

ఆవిడ అరవలేదు. "సింకేదమ్మాయ్?" అంది.

మా ఆయన సగం సబ్బు మొహంతోనే పరిగెత్తుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి కాళ్ళ మీద చన్నీళ్ళు పోశారు. తర్వాత గట్టు మీద నీళ్ళు తనే తుడిచారు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం నేను ఊరుకోలేక, "లప్పం గీకేస్తానత్తయ్యా, గాట్లు మళ్ళీ పెడతాను. ఏవెక్కడుండేవో చెప్పండి" అన్నాను.

ఆవిడ గట్టు మీద అరచేయి అటూ ఇటూ చాలాసేపు తిప్పింది. "నాకేం తెలుసు. చేతికే తెలుసు. ఇన్నాళ్ళూ కళ్ళతోనే వండుతున్నాననుకున్నా."

సింకు దగ్గరొకటి, స్టవ్ దగ్గరొకటి మందపాటి టేపు ముక్కలు అంటించాను. మందు రాసిన కాళ్ళతోనే ఖాళీ గిన్నె పట్టుకుని నడిచి చూసింది. టేపు తగిలినప్పుడల్లా ఆగి, ఇది ఏదని ఆలోచించుకునేది. ఇంకోసారి నడిచింది. మళ్ళీ ఆగింది. గిన్నె నా చేతికిచ్చి, "ఆలోచించుకుంటూ వండితే వంటెక్కడవుతుందే, వదిలెయ్" అంది.

సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకముందే, ఆయన నోరు తెరిచే అవకాశం ఇవ్వకుండా తనే చెప్పేసింది. "రేపట్నించి వంట కోడలిదిరా. నాకు కాళ్ళు లాగుతున్నాయి."

ఆయన "సరే అమ్మా" అని ఆవిడ పక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున ముందుగదిలోకి వెళ్ళి, "అత్తయ్యా, ఏం వండమంటారు?" అని అడిగాను.

"నీ ఇష్టం" అంది.

ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. పోయేదాకా రోజూ అడిగాను. రోజూ అదే చెప్పింది.