ఐజాజ్ దాచుకున్న చివరి మాట

ఐజాజ్‌కు దాచిపెట్టి చూపించడమంటే ఇష్టం. పిడుగురాళ్లలో పెళ్లి వీడియోలు చేసే రోజుల్లో పెళ్లికూతురి ముఖం వెంటనే చూపించేవాడు కాదు. మొదట గాజులు, తర్వాత జడ, ఆ తర్వాత పరదా జరిగి ముఖం.

క్రోసూరులో ఒక పెద్దావిడ ఎనభయ్యో పుట్టినరోజుకు తెర మీద అక్షరాలు ముక్కలు ముక్కలుగా వచ్చేలా పెట్టాడు. ‘మా మహాలక్ష్మమ్మగారు లేరు’ అని వచ్చి ఆగింది. ‘అనుకుంటే మా ఇంట్లో వెలుగే లేదు’ అన్న రెండో ముక్క వచ్చేలోపు వెనక వరుసలో ఆవిడ చెల్లెలు శోకం అందుకుంది. ముందు వరుసలో లడ్డూ తింటున్న మహాలక్ష్మమ్మగారు, ఎవరు పోయారో తెలియకపోయినా, మర్యాదకు తనూ కళ్లొత్తుకున్నారు.

ఆ కథ వాడి చేత ఎన్నిసార్లు చెప్పించుకుని నవ్వామో. అందులో భయపడాల్సింది ఒకటుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

వీడియోలకు గిరాకీ తగ్గాక ఐజాజ్ దాచేపల్లి అవతల మా రాళ్ల ప్లాంటులో చేరాడు. నేనక్కడ టైమాఫీసులో హాజరు చూస్తాను. కాళ్లావేళ్లా పడి వాడికా పని ఇప్పించింది వాడు ఖాలా అని పిలిచే వాళ్ల అమ్మ చెల్లెలు జైనాబ్ బీ. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. పద్దెనిమిదేళ్లుగా రాళ్లు మోసుకెళ్లే బెల్టుల కింద రాలిన సున్నపురాళ్లు ఎత్తుతోంది. బెల్టు సందున రాయి ఇరుక్కుంటే మోటారు ఆపిస్తుంది. బెల్టు నిలిచాక కూడా మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలిగానీ చెయ్యి పెట్టదు. “ఆగింది గదమ్మా, ఇంకా ఏంది పూజ?” అని సూపర్‌వైజరు కసురుకున్నా అంతే.

ఈ ఏడు సేఫ్టీ ఆఫీసరు ధనుంజయరావు పనివాళ్ల కోసం ట్యాబుల్లో చూసుకునే పాఠాలు ఇంగ్లీషులో తెప్పించాడు. “తెలుగులో చెయ్యవయ్యా. అంతా ఒక్కసారే పెడితే ఎవడూ చూడడు. ఒక్కో ముక్కా వాళ్లే నొక్కి తెరుచుకోవాల” అని ఐజాజ్‌కు అప్పగించాడు. చేప పిల్లకు ఈత నేర్పినట్టయింది.

ఇంగ్లీషులో వద్దనే మాట వాక్యానికి ముందే ఉంటుంది. ఎక్కడ కోసినా అదే మొదట కనిపిస్తుంది. తెలుగులో అది తోక. ఐజాజ్ ఇంగ్లీషు కోసిన చోటే తెలుగునూ కోశాడు. నాలుగో స్లైడు తెరవగానే వచ్చేది: ‘బెల్టు మెల్లగా తిరుగుతుంటే చేత్తో రాయి తీయవచ్చు.’ దాని మీద నొక్కితే: ‘అని అనుకోవద్దు.’ రెండు ముక్కలకూ తనే గొంతిచ్చాడు.

నాకు చూపిస్తే భుజం తట్టాను. “మాంఛి సస్పెన్సురా!” అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

శిక్షణ రోజు పొద్దున జైనాబ్ బీ ముందు బెంచీలో కూర్చుంది. ఆమెకు చదువు రాదు. చెవుల్లో పెట్టుకున్నవి సర్దుకుని, “ఇది మావాడి గొంతే!” అని పక్కవాళ్లను మోచేత్తో పొడిచింది. కింద పచ్చ బాణం నొక్కితే తర్వాతి స్లైడు వస్తుందని ఆమెకు ఇట్టే పట్టుబడింది. నాలుగో స్లైడులో మొదటి ముక్క విని, నేరుగా పచ్చ బాణం నొక్కింది. చివర్లో తెర మీద టిక్కు పడింది.

“పాసయ్యావు ఖాలా,” అన్నాడు ఐజాజ్.

“నువ్వు చెప్తా ఉంటే ఫెయిలవుతానంట్రా?”

మధ్యాహ్నం అన్నాలయ్యాక కుళాయి దగ్గర ఆమె నన్ను అడిగింది. “ఏమయ్యా, బెల్టు రూలు మారిందంట గదా?”

నేను టిఫిన్ డబ్బా తోముకుంటున్నాను. “మారతా ఉంటయిలే,” అన్నాను.

మూడు గంటలకు ఐజాజ్ ఎవరు ఎక్కడెక్కడ నొక్కారో ట్యాబులో లెక్క చూసుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు. “ఇదేందన్నా? నాలుగో దానికాడ అందరూ రెండుసార్లు నొక్కారు. ఖాలా ఒక్కసారే.”

స్లైడు తెరిచాడు. ‘...చేత్తో రాయి తీయవచ్చు’ అంది వాడి గొంతు. తర్వాత ఏమీ లేదు. నొక్కితేగాని రాదు. కుళాయి దగ్గర ఆమె అడిగిన రూలు ఏదో నాకప్పుడు తెలిసింది. వాడి ముఖం సున్నమైపోయింది.

“అన్నా, ఇయ్యాల ఖాలా ఏ బెల్టు?”

“మూడు.”

పరుగెత్తాం. ఆ మోతలో పిలిచినా వినపడదు. దుమ్ములో జైనాబ్ బీ మోకాళ్ల మీద వంగి ఉంది. బెల్టు ఖాళీగా, మెల్లగా తిరుగుతోంది. ఆపించిందీ లేదు, మూడు ఊపిర్ల లెక్కా లేదు. కుడి చెయ్యి మోచేతిదాకా లోపలే ఉంది. ఐజాజ్ బెల్టు పక్కనుండే ఎర్ర తాడు లాగాడు. అది లాగితే మోటారు ఆగుతుంది, బెల్టు మాత్రం వెంటనే ఆగదు. ఇంకో బారెడు జరిగి నిలిచింది.

ఆమె చెయ్యి బయటికి లాక్కుంది. చేతికి గాజులు మిగల్లేదు, గీరుకున్న గీతలు మాత్రం ఉన్నాయి. కొంగు రోలరు కింద బిగుసుకుని మెడను కిందికి గుంజుతోంది.

“ఎందుకాపావురా? మెల్లగానే తిరగతంది గదా. నువ్వే గదా తీయొచ్చన్నావు?”

“తీయొచ్చు అనుకోవద్దన్నా ఖాలా. అనుకోవద్దన్నా!”

“అదెప్పుడన్నావురా?”

నేను కొంగు కోసి ఆమెను లేపాను. అప్పుడడిగాడు ఐజాజ్: “ఎవరికన్నా చెప్పావా?”

“చెప్పకేం? మావాడు పెట్టిన రూలని అన్నాల కాడ ఐదో బెల్టోళ్లకి చెప్పా.” ఎంతమందో చెప్పడానికి వేళ్లు మడవబోయి, ఆ చేతికి గాజులు లేవని అప్పుడే చూసుకుంది.

ఐదో బెల్టు అవతలి షెడ్డులో తిరుగుతోంది. ఐజాజ్ “వద్దు! వద్దు!” అని అరుస్తూ పరుగెత్తి ఆ తాడూ లాగాడు. మోత ఆగింది. దుమ్ములో ఎవరూ కనిపించడం లేదు. పిలిచాం. పలుకు లేదు. మళ్లీ పిలిచాం. వెనక నుంచి జైనాబ్ బీ కూడా పిలిచింది.

చాలాసేపటికి బెల్టు కింది చీకట్లోంచి ఒక ఆడగొంతు లేచింది.

“ఏంది వద్దయ్యా? ఏందో మొత్తం ఒక్కసారే చెప్పి చావండి!”